క్యాలెండర్‌కి వారం లింకులు పెట్టిన మూడు నెలలు: నా అనుభవం

విజయవాడలో ఒక సంగీతం టీచర్ గారి ఆన్‌లైన్ క్లాసుల వెబ్ అప్లికేషన్‌ని నేను చూసుకుంటాను. జంగోలో, అంటే పైథాన్ భాషతో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన చిన్న అప్లికేషన్. నాకంటే ముందు ఇంకొకరు రాశారు, తర్వాత నా చేతికి వచ్చింది. పిల్లల్లో సగం మంది విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వాళ్లు. మిగతా సగం న్యూజెర్సీ, డాలస్ వైపు ఉండే మన తెలుగు పిల్లలు. ఇందులో క్యాలెండర్ అంటే నెల మొత్తం ఒకేసారి చూపించే పేజీ ఒక్కటే ఉండేది. దానికి వారం పేజీ పెట్టి, అటు గత వారానికీ ఇటు తర్వాతి వారానికీ లింకులు ఇవ్వాలి. అక్టోబర్ 6న మొదలైన ఈ పని జనవరి రెండో వారానికి ఒక కొలిక్కి వచ్చింది. ఇదే పని తలకెత్తుకునే వాళ్లకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దసరా సెలవులు అయిపోయి క్లాసులు మళ్లీ మొదలైన రోజున టీచర్ గారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నెలంతా ఒక్కసారే చూపిస్తుంటే కళ్లు తిరుగుతున్నాయమ్మా. ఈ వారం ఎవరెవరు వస్తారో కనిపిస్తే చాలు. అటూ ఇటూ వెళ్లడానికి రెండు బాణాలు పెట్టు" అన్నారు. 12,000 రూపాయలు అనుకున్నాం, సగం ముందే ఇచ్చారు. దీపావళి అక్టోబర్ 20న కాబట్టి ఆ పండగ అయ్యాక ఆ వారంలోనే పెట్టేస్తానని చెప్పాను.

మొదట ఆవిడని అడిగింది ఒకటే ప్రశ్న. వారం ఆదివారం మొదలవ్వాలా, సోమవారమా? జవాబుగా వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. వాళ్ల వంటింటి గోడ మీది క్యాలెండర్. మన తెలుగు క్యాలెండర్లలో ఉన్నట్టే ఆది నుంచి శని దాకా ఎడమ పక్కన నిలువుగా పేర్లు, తేదీలు పై నుంచి కిందికి. తేదీల పక్కన బాల్‌పెన్నుతో పిల్లల పేర్లలో మొదటి అక్షరాలు, ఫీజు ఇచ్చినవాళ్లకి చిన్న టిక్కు. క్లాస్ ఎగ్గొట్టినవాళ్లకి అడ్డగీత. ఆవిడ లెక్కలో వారం అంటే పై నుంచి కిందికి దిగే ఒక నిలువు వరస. ఆ ఫోటో చూడకపోయుంటే ఏడు గడులు అడ్డంగా పరిచేదాన్ని. ఫోన్‌లో ఏడు గడులు అడ్డంగా పెడితే ఒక్కో గడిలో పేరు కూడా పూర్తిగా పట్టదు. నిలువుగా, రోజు కింద రోజు పెడితే పేరు, టైమ్, నోట్సు అన్నీ హాయిగా పట్టాయి. డిజైన్ విషయంలో ఈ మొత్తం పనిలో నాకు దొరికిన మంచి సలహా ఆ గోడ క్యాలెండరే.

ఆదివారం అని తేలాక యూఆర్ఎల్ (పేజీ అడ్రసు) సంగతి. వారం నంబర్ పెట్టొచ్చు, అంటే 2025లో 44వ వారం అన్నట్టు. లేదా వారం మొదటి తేదీ పెట్టొచ్చు. వారం నంబర్లకి ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం ఉంది కానీ అందులో వారం సోమవారంతో మొదలవుతుంది, సంవత్సరంలో మొదటి గురువారం ఉన్న వారమే ఒకటో వారం. మా ఆదివారం లెక్కకి అది కుదరదు. పైగా కొన్ని సంవత్సరాలకి 52 వారాలు, కొన్నిటికి 53. 2020కి 53 ఉన్నాయి, 2026కి కూడా 53 ఉన్నాయి. 52 దాటగానే 1కి తిప్పేసే కోడ్ రాస్తే 2026 డిసెంబర్ చివర ఒక వారం గల్లంతవుతుంది. అందుకని తేదీకే ఓటు వేశాను. యూఆర్ఎల్ చివర 2025-11-02 అని ఉంటే ఆ ఆదివారంతో మొదలయ్యే వారం. ఎవరైనా మధ్యలో బుధవారం తేదీ ఇచ్చినా దాన్ని ఆ వారపు ఆదివారానికి మళ్లిస్తుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. పైథాన్‌లో వారంలో రోజు అడిగితే సోమవారం సున్నా, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో అడిగితే ఆదివారం సున్నా. రెండు చోట్లా ఒకే లెక్క వాడితే ఒక రోజు తేడా వస్తుంది.

బాణాలు పెట్టమన్నారు కదా అని బటన్లు పెట్టి జావాస్క్రిప్ట్‌తో లోపలి భాగం మాత్రం మార్చేయొచ్చు. అలా చేయలేదు. అవి నిజమైన లింకులే అయి ఉండాలని నాకు గట్టి పట్టుదల. లింక్ అయితే ఫోన్‌లో బ్యాక్ నొక్కితే అంతకుముందు చూసిన వారానికి వస్తుంది, కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, వాట్సాప్‌లో పంపితే అవతలి వాళ్లకి అదే వారం కనిపిస్తుంది. తల్లిదండ్రులు చేసేది సరిగ్గా అదే. "వచ్చే నెలలో ఈ వారం మేం ఊళ్లో ఉండం" అని లింక్ పంపిస్తారు.

లింక్ మీద ఏం రాయాలన్నది కూడా తేలిక అనుకోవద్దు. ఉత్త బాణం గుర్తు పెడితే కళ్లు కనిపించని వాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అది అర్థం కాదు. 'వచ్చే వారం' అని రాస్తే, మార్చి నెలలో ఉన్న వారం చూస్తున్నప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చే వారం? అందుకే లింక్ మీద తేదీలే రాశాను. ఎడమ పక్క అక్టోబర్ 26 – నవంబర్ 1, కుడి పక్క నవంబర్ 9 – 15. మధ్యలో 'ఈ వారం' అని ఇంకొకటి. ఈ మధ్యలోది ఎవరూ అడగలేదు కానీ అది లేకపోతే దూరంగా వెళ్లినవాళ్లు తిరిగి రావడానికి లింకు మీద లింకు నొక్కుతూ కూర్చోవాలి. ఇప్పుడు అందరూ ఎక్కువగా వాడేది అదే. ఒక్కో లింక్ ఎత్తు 48 పిక్సెల్స్ పెట్టాను, బొటనవేలికి అందేలా. అదే వరస పేజీ కింద కూడా ఇచ్చాను, ఎందుకంటే శనివారం దాకా కిందికి దిగిన మనిషి మళ్లీ పైకి పాకకూడదు.

ఇక అసలు కథ. నెల పేజీ కోసం ముందటి డెవలపర్ రాసిన జావాస్క్రిప్ట్ ఫంక్షన్లు అప్పటికే ఉన్నాయి. తేదీకి ఇన్ని రోజులు కలుపు, దాన్ని యూఆర్ఎల్‌లో పెట్టు అనే పని చేసేవి. వాటికే వారం లింకులు తగిలిస్తే నా కంప్యూటర్‌లో మొదటి రోజే వింత కనిపించింది. తర్వాతి వారం నొక్కితే అదే వారం మళ్లీ వస్తోంది. కారణం ఏమిటంటే, ఆ ఫంక్షన్ తేదీని ఐఎస్ఓ స్ట్రింగ్‌గా (ప్రామాణిక రూపంలో రాసిన అక్షరాలుగా) మారుస్తోంది, ఆ మార్పిడిలో టైమ్ యూటీసీకి, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్‌కి వెళ్లిపోతుంది. మన దగ్గర ఆదివారం మొదలయ్యే అర్ధరాత్రి 12 అంటే యూటీసీలో ఇంకా శనివారం సాయంత్రం 6:30. అంటే లింక్‌లో శనివారం తేదీ పడుతోంది, శనివారం గత వారానిది. స్ట్రింగ్ మార్పిడి తీసేసి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసి అతికించాను. సరిపోయింది. నెలల ఫంక్షన్‌లో ఇది ఇన్నాళ్లూ బయటపడలేదు, ఎందుకంటే అక్కడ యూఆర్ఎల్‌లో రోజు ఉండేది కాదు.

అక్టోబర్ 24, శుక్రవారం సాయంత్రం లైవ్‌లో పెట్టాను. టీచర్ గారికి ఫోన్‌లో చూపిస్తే ఎంతో సంబరపడ్డారు. ఆ రాత్రి నేనూ హాయిగా నిద్రపోయాను.

ఆదివారం తెల్లవారుజామున 5:05కి ఆవిడ నుంచి మెసేజ్. "ఇంకా పోయిన వారమే చూపిస్తోందమ్మా." నేను ఏడింటికి లేచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. ఆవిడ కూడా మళ్లీ చూసి "ఇప్పుడు బాగానే ఉందే" అన్నారు. ఇలాంటివే భయపెడతాయి. ఉన్నట్టుండి వచ్చి ఉన్నట్టుండి పోయిన తప్పుని పట్టుకోవడం ఎలా? గంటసేపు లాగ్స్ (సర్వర్ రాసుకునే రికార్డులు) చూసి, చివరికి ఆవిడ మెసేజ్ వచ్చిన టైమ్ మీదే కళ్లు పడ్డాయి. సర్వర్ నడిచేది యూటీసీలో. మన ఆదివారం ఉదయం 5:30 అయ్యేదాకా దానికి శనివారమే. ఆవిడ నాలుగున్నరకే లేచి, ఆరింటి క్లాస్ కోసం ఐదింటికల్లా అప్లికేషన్ తెరుస్తారు. ఇండియాలో అయితే వారానికి ఒక్కసారి, ఆ ఐదున్నర లోపు తెరిచిన వాళ్లకే ఈ తేడా కనిపిస్తుంది. 'ఈ రోజు ఏమిటి' అన్న ప్రశ్న సర్వర్‌ని కాదు, వాడుతున్న మనిషి టైమ్‌జోన్‌ని బట్టి అడగాలి. ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ ఉంది కాబట్టి జంగోలో దాన్ని యాక్టివేట్ చేసి, లోకల్ తేదీ తీసుకునేలా మార్చాను.

ఆ మార్పు పెట్టి ఊపిరి పీల్చుకునే లోపే సోమవారం, అక్టోబర్ 27న, న్యూజెర్సీ నుంచి ఒక పాప వాళ్ల అమ్మగారు రాశారు. "అండీ, నవంబర్ 2 వారం దగ్గరికి వచ్చాక తర్వాతి లింక్ పనిచేయడం లేదు. ఎన్నిసార్లు నొక్కినా అక్కడే ఉంటోంది. మా ఆయన ఫోన్‌లోనూ అంతే." నా దగ్గర అదే వారం నుంచి నవంబర్ 9కి, 16కి, డిసెంబర్‌కి చక్కగా వెళ్తోంది. హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలిని చూడమన్నాను, తనకీ వెళ్తోంది. ఆ రోజు పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. డబ్బులు తీసుకుని పెట్టిన లింకు, అవతల ఒక తల్లి నొక్కుతూ కూర్చుంటే కదలడం లేదు.

నవంబర్ 2 అన్న తేదీ దగ్గరే చిక్కు విడింది. 2025లో అమెరికాలో చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పిన ఆదివారం అది. ఆ రోజుకి 25 గంటలు. పాత ఫంక్షన్ ఏడు రోజులు కలపడానికి మిల్లీసెకన్లు కలుపుతోంది. రోజుకి 24 గంటల లెక్కన వారానికి 60,48,00,000 మిల్లీసెకన్లు. న్యూజెర్సీలో నవంబర్ 2 మొదలయ్యే అర్ధరాత్రి 12కి అన్ని మిల్లీసెకన్లు కలిపితే నవంబర్ 9 రాదు. నవంబర్ 8, శనివారం రాత్రి 11 వస్తుంది. శనివారం ఏ వారానిది? నవంబర్ 2 వారానిదే. కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా అక్కడే. ఇండియాలో గడియారాలు తిప్పే పద్ధతి లేదు. అంటే మొదటి తప్పు ఇండియాలో కూర్చుంటే వెంటనే కనిపించేది, ఈ రెండోది ఇండియాలో కూర్చుంటే ఎన్నేళ్లయినా కనిపించదు.

దీన్ని నా దగ్గర చూడటానికి క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సార్స్ అనే ప్యానెల్ వాడాను. అక్కడ లొకేషన్ మారిస్తే ఆ ట్యాబ్‌కి టైమ్‌జోన్ కూడా మారుతుంది. న్యూయార్క్ టైమ్‌జోన్ పెట్టి నొక్కగానే నాకూ ఆగిపోయింది. తప్పు కనిపించినందుకు అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి. మార్చి వైపు కూడా చూశాను. 2026లో అక్కడ గడియారాలు మార్చి 8న గంట ముందుకి తిరుగుతాయి. ఆ చోట ముందుకి వెళ్తే బాగానే ఉంది, వెనక్కి వస్తే మార్చి 15 వారం నుంచి ఏకంగా మార్చి 1 వారానికి దూకుతోంది. మధ్యలో ఒక వారం మాయం. ఇది గమనించకపోతే మార్చిలో మళ్లీ ఇదే గొడవ.

అప్పుడు బ్రౌజర్‌లో లెక్కలు వేయడమే మానేశాను. లింకులు సర్వర్‌లోనే తయారవుతాయి. పైథాన్‌లో గంటలూ నిమిషాలూ లేని ఉత్త తేదీకి ఏడు రోజులు కలిపితే ఎక్కడైనా ఏడు రోజులే. జావాస్క్రిప్ట్ ఫంక్షన్లు రెండూ తీసేశాను. అక్టోబర్ 29 రాత్రి పెట్టాను. మర్నాడు పొద్దున లేచేసరికి న్యూజెర్సీ నుంచి మెసేజ్ ఉంది, "ఇప్పుడు వెళ్తోందండీ, థాంక్స్." ఆ మెసేజ్ చాలాసార్లు చదువుకున్నాను.

క్లాసుల్ని డేటాబేస్ నుంచి తేవడంలో ఒక సంగతి మాత్రం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. టీచర్ గారికి ఆదివారం ఉదయం 6 గంటల క్లాస్, అక్టోబర్‌లో న్యూజెర్సీ పాపకి శనివారం రాత్రి 8:30. గడియారాలు మారాక రాత్రి 7:30. ఒకే క్లాస్, ఒకే నిమిషం. కానీ టీచర్ గారికి అది ఈ వారం మొదటి క్లాస్, పాపకి గత వారం ఆఖరి క్లాస్. ఇద్దరూ ఒకే లింక్ తెరిస్తే ఒకరికి పైన కనిపిస్తుంది, ఇంకొకరికి అసలు కనిపించదు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. వారం హద్దుల్ని చూసేవాళ్ల టైమ్‌జోన్‌లో కట్టి, వాటిని యూటీసీకి మార్చి వెతకాలి. ఆదివారం మొదలయ్యే అర్ధరాత్రి నుంచి పైన, మరుసటి ఆదివారం మొదలయ్యే అర్ధరాత్రికి లోపల. ఆ రెండో హద్దు చేర్చుకోకూడదు. చేర్చుకుంటే సరిగ్గా అర్ధరాత్రి పడిన క్లాస్ రెండు వారాల్లోనూ కనిపిస్తుంది. ప్రతి క్లాస్ పక్కనా అవతలి వాళ్ల రోజు, టైమ్ చిన్న అక్షరాలతో రాశాక ఫోన్లు తగ్గాయి. అంతకుముందు 'మా పాప క్లాస్ ఏది' అని టీచర్ గారికి తరచూ ఫోన్లు వచ్చేవి.

తర్వాత కార్తీక మాసం అంతా ఎదురుచూపే. టీచర్ గారికి కచేరీలు, గుళ్ల ప్రోగ్రాములు. "చూస్తానమ్మా, చూస్తాను" అంటూ నవంబర్ మూడో వారం దాకా గడిచింది. రెండో సగం డబ్బు అడగడానికి మొహమాటం. పని అయిందని నేను అనుకున్నా, ఆవిడ చూసి ఔననాలి కదా.

ఆ మధ్యలోనే సర్వర్ నుంచి సీపీయూ ఎక్కువ వాడుతోందని వరసగా హెచ్చరిక మెయిల్స్. ఎవరైనా దాడి చేస్తున్నారేమో అని గుండె ఝల్లుమంది. లాగ్స్ తీస్తే సెర్చ్ ఇంజన్ల బాట్లు, అంటే వెబ్ పేజీలన్నీ వాటంతటవే తిరిగి చూసే ప్రోగ్రాములు. లాగిన్ లేకుండా కనిపించే టైమ్ టేబుల్ పేజీ ఒకటి ఉంది, ఖాళీలు చూసుకుని కొత్తవాళ్లు చేరడానికి. అక్కడా అవే వారం లింకులు. బాట్ పేజీ తెరుస్తుంది, తర్వాతి వారం లింక్ చూస్తుంది, అందులోకి వెళ్తుంది, అక్కడ ఇంకో తర్వాతి వారం. అలా 2071 దాకా పోయింది! క్యాలెండర్ లింకులకి అంతు లేదు, వాటికి అలుపూ లేదు. పైథాన్‌కి మాత్రం అంతు ఉంది. 9999 డిసెంబర్ 31 తర్వాత దానికి తేదీ లేదు, ఆ తేదీని యూఆర్ఎల్‌లో చేత్తో కొడితే పేజీ ఎర్రర్‌తో పడిపోయింది. ఫిబ్రవరి 30 అని కొట్టినా అంతే.

అందుకని హద్దులు పెట్టాను. వెనక్కి ఒక సంవత్సరం, ముందుకి ఆరు నెలలు. హద్దు దగ్గర ఆ పక్క లింక్ ఉండదు, బూడిద రంగు అక్షరాలు మాత్రం ఉంటాయి. అవతలి తేదీలు కొడితే 404, అంటే 'పేజీ లేదు' అన్న జవాబు. అర్థం లేని తేదీ కొడితే ఈ వారానికే వస్తుంది. బాట్లు చదివే రోబోట్స్ ఫైల్‌లో తేదీ ఉన్న యూఆర్ఎల్స్‌ని చూడొద్దని రాశాను. అయినా బాట్లు అప్పటికే గుర్తుపెట్టుకున్న పాత లింకుల కోసం డిసెంబర్ మొదటి వారం దాకా వస్తూనే ఉన్నాయి. పబ్లిక్ పేజీలో క్యాలెండర్ పెట్టేవాళ్లు ఈ హద్దులు మొదటి రోజే పెట్టుకోవడం మంచిది.

ఇవన్నీ టీచర్ గారికి కూర్చోబెట్టి చెప్పాను. మిల్లీసెకన్లు కాదు, ఎందుకు ఇంత పని పట్టిందో. నవంబర్ నెలాఖరున మిగతా 6,000కి తోడు ఇంకో 6,000 ఇచ్చారు. అడిగింది నేనే. అడగడానికి ముందు రోజు రాత్రి నిద్ర పట్టలేదు, ఆవిడ మాత్రం "చెప్పొచ్చుగా అమ్మా ముందే" అని వెంటనే యూపీఐ చేసేశారు.

డిసెంబర్‌లో సంవత్సరం మారే వారం చూసుకున్నాను. 2025 డిసెంబర్ 28 నుంచి 2026 జనవరి 3 దాకా ఉన్న వారం అది. పైన హెడ్డింగ్‌లో సంవత్సరం ఒక్కసారే రాసేలా ఉంది, దాన్ని రెండు సంవత్సరాలూ వచ్చేలా మార్చాను. ఆ పని చేస్తుంటే ఫీజుల షీట్‌లో అసలు ప్రమాదం కనిపించింది. ఆ షీట్ పాత కోడ్‌ది, క్లాసుల్ని సంవత్సరం, వారం నంబర్ కలిపి గుంపులు కడుతుంది. డిసెంబర్ 29 నుంచి మొదలయ్యే వారం ఐఎస్ఓ లెక్కలో 2026లో ఒకటో వారం. కోడ్ మాత్రం సంవత్సరాన్ని మామూలు క్యాలెండర్ నుంచి తీసుకుంటోంది. దాంతో డిసెంబర్ 29, 30, 31 క్లాసులు '2025, ఒకటో వారం' అయి, ఎప్పుడో పోయిన జనవరి మొదటి వారం క్లాసుల్లో కలిసిపోతాయి. ఫీజు లెక్క అటు తప్పు, ఇటు తప్పు. పైథాన్ తేదీ ఫార్మాట్‌లో మామూలు సంవత్సరానికి ఒక అక్షరం, ఐఎస్ఓ వారంతో వెళ్లే సంవత్సరానికి ఇంకో అక్షరం ఉన్నాయి. ఆ ఒక్క అక్షరం మారిస్తే చాలు కానీ, నేను అక్కడ కూడా వారం నంబర్ తీసేసి ఆదివారం తేదీనే పెట్టాను. ఇప్పుడు షీట్‌లో వారం, పేజీలో వారం ఒకటే.

చివరి మార్పు జనవరిలో సంక్రాంతి వారం కోసం. జనవరి 11 నుంచి 17 దాకా టీచర్ గారు క్లాసులన్నీ ఆపేశారు. పేజీ తెరిస్తే ఏడు రోజులూ ఖాళీ. అప్లికేషన్ పాడైందేమో అని ముందుగానే ఇద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. ఖాళీ వారంలో 'ఈ వారం క్లాసులు లేవు' అన్న మాట, దాని కింద తర్వాతి క్లాస్ ఉన్న వారానికి నేరుగా వెళ్లే లింక్ పెట్టాను. వేసవిలో ఆవిడ ఎక్కువ రోజులు సెలవు తీసుకున్నప్పుడు ఖాళీ వారాలు ఒక్కొక్కటీ దాటుకుంటూ పోకుండా ఇదే పనికొస్తుంది. నవంబర్ 2, మార్చి 8, డిసెంబర్ 28 వారాలకి న్యూయార్క్, షికాగో (డాలస్ టైమ్ ఇదే), కోల్‌కతా (ఇండియా టైమ్) టైమ్‌జోన్లు మూడింటిలోనూ ముందుకీ వెనక్కీ నొక్కి చూసే టెస్టులు రాసి, జనవరి 9న ఈ పని ముగించాను.